నేల మెరిసింది.. మరి బెంచీల సంగతి?

ఉదయం అయిదింటికి ఫ్రిస్కోలో మెలకువగా ఉండేది మూడు రకాల వాళ్లు. ఇండియా టీమ్‌తో కాల్‌లో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, జిమ్‌కి వెళ్లేవాళ్లు. షుగర్ అంచుల్లో ఉన్నావని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నేను మొదటి రకంలోంచి మూడో రకంలోకి మారాను. రెండేళ్లయింది. ప్రెస్టన్ రోడ్డుకు దగ్గర్లోనే మా జిమ్.

గత వేసవి చివర్లో ఒక సోమవారం, ట్రెడ్‌మిల్‌ల వరస వెనక నుంచి నడుమెత్తు పెట్టె ఒకటి మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. నెత్తిన నీలం దీపం, కింద గిరగిరా తిరిగే బ్రష్షులు. అది వెళ్లిన దారంతా తుడిచిన పలకలా మెరుస్తోంది. నడుస్తున్న వాళ్లంతా ఫోన్లు తీశారు. నేనూ తీశాను. తెనాలిలో ఉన్న అమ్మకు వీడియో పంపితే వెంటనే జవాబొచ్చింది: ‘‘బాగానే ఉంది గానీ, మూలలు ఎవరు ఊడుస్తార్రా?’’

అమ్మకు ఈ యంత్రాలంటే ముందునుంచీ అనుమానమే. కిందటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు వరలక్ష్మీ వ్రతం రోజున పూజగదిలో బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది. తొమ్మిదింటికి ఊడవమని టైమ్ పెట్టిన మా ఇంటి రోబో తొమ్మిదింటికే వెళ్లి పద్మాన్ని సగం మింగేసింది. ఆ రోజు నుంచి దానికి ఇంట్లో మర్యాద తగ్గింది.

ఇంట్లో తిరిగేదానికీ జిమ్‌లో తిరిగేదానికీ చుట్టరికం ఉంది గానీ స్తోమతలో పోలిక లేదు. రూంబా 2002లో వచ్చింది. అది దుమ్ము పీల్చే పళ్లెం లాంటిది. జిమ్‌లోది అసలైన స్క్రబ్బర్. లోపల రెండు ట్యాంకులు. ఒకదాంట్లో మందు కలిపిన మంచినీళ్లు, రెండోదాంట్లో నేల మీంచి లాగిన మురుగు. ముందు తడుపుతుంది, బ్రష్షుతో రుద్దుతుంది, వెనకనున్న రబ్బరు పట్టీతో నీళ్లు ఒకచోటికి చేర్చి పీల్చేస్తుంది. కొన్ని రకాలకు దారి మనమే నేర్పాలి. మొదటిసారి మనిషి నడిపి చూపిస్తే ఆ దారి గుర్తుంచుకుని తర్వాత తనే తిరుగుతుంది. వాల్‌మార్ట్‌లో రాత్రిపూట తిరిగేవి చాలామంది చూసే ఉంటారు. 2019 ఏప్రిల్‌లో ఆ సంస్థ మరో 1,500 దుకాణాల్లో వీటిని పెడతామని ప్రకటించింది. ధర పదివేల డాలర్ల లెక్కల్లో ఉంటుంది కాబట్టి చాలాచోట్ల నెలవారీ అద్దెకే తెచ్చుకుంటారు.

అయితే వాల్‌మార్ట్ వేరు, జిమ్ వేరు. దుకాణంలో దారులు తిన్నగా ఉంటాయి. జిమ్ రోబోకు పద్మవ్యూహం. మొదటి చిక్కు అద్దాలతో. ఇది లేజర్ కాంతిని చుట్టూ తిప్పి, అది తగిలి వెనక్కొచ్చే సమయాన్ని బట్టి గోడలు ఎంత దూరమో లెక్కగడుతుంది. లైడార్ అంటే అదే. అద్దం మీద పడిన కాంతి అక్కణ్నుంచి మళ్లీ గదిలోకే తిరుగుతుంది. రోబోకేమో అద్దం అవతల ఇంకో జిమ్ ఉన్నట్టు తోస్తుంది. మొదటి వారం మా రోబో నిలువుటద్దాల ముందు నిలబడి తటపటాయించేది. సెల్ఫీ తీసుకుంటోందని మేం నవ్వుకున్నాం. తర్వాత లేజర్ ఎత్తులో అద్దాలకు మసక పట్టీ అంటించారు.

రెండో చిక్కు నల్ల నేల. మెట్ల మీంచి పడిపోకుండా రోబోల అడుగున ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లుంటాయి. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది కనుక అక్కడ గొయ్యి ఉందనుకుంటుంది. ఇంట్లో నల్ల తివాచీ దగ్గర రోబో మొండికేయడం మీలో కొందరికి అనుభవమే. జిమ్‌లో బరువులెత్తే చోటంతా పాత టైర్ల పొడితో చేసిన నల్ల రబ్బరు పలకలే. పెద్ద యంత్రాలకు కెమెరాలు తోడుంటాయి కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాయి. కానీ నీళ్లు ఎక్కువ వదిలితే పలకల అతుకుల్లోంచి కిందికి దిగి, నాలుగు రోజులకు మాగిన వాసన. రబ్బరు మీద బ్లీచ్ వాడకూడదు, తటస్థ పీహెచ్ ఉన్న మందే వాడాలి. ఇక నేల మీద వదిలేసిన డంబెల్స్, వేలాడే తాళ్లు, చేతులకు రాసుకునే సుద్దపొడి.. ప్రతిదీ దానికో పరీక్షే.

ఇలాంటి ప్రయోగాలు ఫ్రిస్కోకు కొత్త కాదు. 2010లో సుమారు 1.17 లక్షలున్న జనాభా 2020కి 2 లక్షలు దాటిన ఊరు. కొత్తదేదైనా ఇక్కడ ఒకసారి తిప్పి చూస్తారు. 2018 జులైలో డ్రైవ్.ఏఐ కంపెనీ నారింజ రంగు డ్రైవర్‌లెస్ వ్యాన్లు హాల్ పార్క్ దగ్గర తిప్పింది. మరుసటి వసంతానికి అవి లేవు. ఆ వేసవిలో కంపెనీని ఆపిల్ కొనేసింది. మా రోబోనూ అలాగే చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ని, మావాడి మోకాలి మీద గడ్డ లేవకపోతే.

హైస్కూల్లో చదువుతున్నాడు. శని, ఆదివారాలు నాతో జిమ్‌కి వస్తాడు. అక్టోబరులో మోకాలి పక్కన ఎర్రగా చిన్న పొక్కులా లేచింది, మూడు రోజుల్లో నడవలేనంత అయింది. డాక్టరు కోసి చీము తీసి, స్టాఫ్ అని తేల్చారు. మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం కాదు, అదృష్టం. ఎక్కడ అంటిందని అడిగితే ఆమె భుజాలెగరేశారు. వాడు స్కూల్లో రెజ్లింగ్ కూడా చేస్తాడు, కాబట్టి నేను జిమ్‌ని అనలేను, అనను. కానీ ఆ రాత్రి కూర్చుని చదివాను.

క్రీడా ప్రాంగణాల కోసం అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది స్పష్టంగానే ఉంది. స్టాఫ్, ఎంఆర్‌ఎస్‌ఏ వ్యాప్తితో నేలలు, గోడల లాంటి పెద్ద పరపులకు సాధారణంగా సంబంధం కనబడలేదు. ఒంటి చర్మం తరచూ తాకే వాటి మీద దృష్టి పెట్టాలి. అంటే బెంచీలు, పిడులు, చాపలు. క్రిమిసంహారక మందు కూడా చల్లిన వెంటనే తుడిస్తే పనిచేయదు. సీసా మీద రాసినంత సేపు తడిగా ఉండాలి. మనం చేసేదేమిటి? తుస్సుమని ఒకసారి కొట్టి, రెండు సెకన్లలో తుడిచి, సంతృప్తిగా వెళ్లిపోతాం. నేల శుభ్రం అక్కర్లేదని కాదు. తడి నేల మీద జారితే నడుం విరుగుతుంది, షవర్ల దగ్గర ఒట్టి కాళ్లకు ఫంగస్ అంటుకుంటుంది. కానీ బరువులెత్తే హాల్లో రోబో మెరిపించేది అందరికంటే తక్కువ ప్రమాదం ఉన్న జాగాని.

మరి బెంచీలు ఎవరు తుడుస్తున్నారు? అది తెలుసుకోవడానికి నాకు పెద్ద పరిశోధన అవసరం కాలేదు. తెల్లవారుజామున బకెట్ తోసుకుంటూ ఎదురయ్యే ఆవిడను అడిగాను. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయిందట. యాభై దాటి ఉంటుంది. ఇన్నాళ్లూ ఇద్దరుండేవారు. రోబో వచ్చిన నెలకు రెండో ఆమెను వేరేచోటికి పంపారు, ఈవిడ గంటలు ఎనిమిది నుంచి నాలుగయ్యాయి. జీతమిచ్చేది జిమ్ కాదు, కాంట్రాక్టు కంపెనీ. ఆ నాలుగు గంటల్లో రోబోకు నీళ్లు నింపాలి, మురుగు పారబోయాలి, బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు పీకాలి, రబ్బరు పట్టీ తుడవాలి, అది ఇరుక్కున్నప్పుడల్లా విడిపించాలి. ‘‘ఇది నా పని తగ్గించలేదు మిస్టర్, నా గంటలు తగ్గించింది’’ అంది. మూలలు కూడా ఆవిడే తుడుస్తోంది. అమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది.

నాకు నిద్ర పట్టని మాట అది. మా టీమ్‌లో టెస్టింగ్‌కు ఆరుగురు ఉండేవాళ్లం. ఇప్పుడు ఇద్దరు, తోడుగా ఒక ఏఐ. అది రాసింది సరిచూడటమే ఆ ఇద్దరికీ రోజంతా పని.

మేనేజరును కలిశాను. కుర్రాడు, మంచివాడే. తన వాదన బలపరచడానికి ట్యాబ్లెట్‌లో రోబో రిపోర్టు చూపించాడు. జిమ్ పటం, తుడిచిన జాగా అంతా పచ్చరంగు. పచ్చదనం మధ్య అక్కడక్కడా తెల్ల మచ్చలు. అవేమిటని అడిగాను. ‘‘అవి అడ్డంకులు సార్, రోబో వాటి చుట్టూ తిరిగి వెళ్తుంది’’ అన్నాడు. ఆ అడ్డంకులే బెంచీలు. మావాడు పడుకుని బరువులెత్తే బెంచీ కూడా పటంలో ఒక తెల్ల మచ్చ. వేలు పెట్టి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు.

ఇంకొకటి కూడా అడిగాను. దీన్ని లాకర్ రూమ్‌లోకి పంపుతున్నారా? ఇంట్లో పరీక్షకు పెట్టిన రోబోలు 2020లో తీసిన ఫొటోలు, అందులో బాత్రూమ్‌లో ఉన్న ఒకామె ఫొటో సహా, లేబుల్ రాసే కాంట్రాక్టు పనివాళ్ల ద్వారా బయటకు పొక్కాయని 2022 డిసెంబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసింది. కెమెరా ఉన్న యంత్రం బట్టలు మార్చుకునే గదిలోకి రానే కూడదు. పంపడం లేదని చెప్పాడు. అది కాగితం మీద రాసి తలుపుకు అంటించమన్నాను. మీ జిమ్‌లో రోబో ఉంటే ముందు ఇదే అడగండి.

తర్వాత పదకొండుమంది సభ్యులం ఒక ఉత్తరం రాశాం. అందులో ఏడుగురం తెలుగువాళ్లమే, ఉత్తరం పదం పదం చర్చించడానికి వాట్సాప్‌లో మూడు రోజులు పట్టింది. రోబోను తీసేయమని అడగలేదు. అది మిగిల్చిన గంటలు బెంచీలకు, పిడులకు ఇవ్వమన్నాం. జనవరి నుంచి ఆవిడకు రెండు గంటలు కలిపారు. నాలుగు నుంచి ఆరు దాకా మనుషులు తాకే వాటి మీదే పని. రెండో ఆమె తిరిగి రాలేదు. కాంట్రాక్టు ఈ వేసవిలో మళ్లీ చర్చకు వస్తుందట.

మొన్న గురువారం రోబో హాలు మధ్యలో ఆగిపోయి కుయ్ కుయ్‌మంటోంది. ఆవిడ బెంచీకి మందు కొట్టి, తడి ఆరకుండా గడియారం చూస్తోంది. అక్కణ్నుంచి కదలకుండానే నన్ను పిలిచి వేలితో నేల చూపించింది. దాని ముందు పది పౌండ్ల డంబెల్ అడ్డంగా పడి ఉంది. నాదే.