మీకు తెలుసా? మొదటి బోర్డు మీద హారిక గెలుపు

2024 సెప్టెంబర్ 22. బుడాపెస్ట్‌లో 45వ చెస్ ఒలింపియాడ్ చివరి రౌండు. మహిళల విభాగంలో భారత్, కజకిస్తాన్ చెరి 17 పాయింట్లతో సమానంగా ఉన్నాయి. ఆ రోజు మనకు పోటీ అజర్‌బైజాన్. మొదటి బోర్డు మీద గునాయ్ మమ్మద్‌జాదాకు ఎదురుగా కూర్చున్నది మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక.

ఒలింపియాడ్‌లో ఒక్కో మ్యాచ్‌కు జట్టు నుంచి నలుగురు ఆడతారు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. నాలుగు బోర్డుల మీద కలిపి ఎవరికి ఎక్కువొస్తే ఆ జట్టుకు రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి. ఆదిలాబాద్ జిల్లాలోని ఇచ్చోడ బడిపిల్లలు పొరుగున ఉన్న నేరడిగొండ వాళ్లతోనో గుడిహత్నూర్ వాళ్లతోనో ఇదే పద్ధతిలో పోటీ పెట్టుకోవచ్చు. నాలుగు బోర్డులుంటే చాలు, పెట్టుకోవాలి కూడా!

మొదటి బోర్డు మాత్రం చాలా బరువైన కుర్చీ. అక్కడ సాధారణంగా తగిలేది అవతలి దేశపు మేటి క్రీడాకారిణే. మన అగ్రశ్రేణి క్రీడాకారిణి కోనేరు హంపి ఆ ఏడాది జట్టులో లేకపోవడంతో ఆ బరువు హారిక మీద పడింది. కెప్టెన్ అభిజిత్ కుంటే హాల్లోనే ఉన్నా ఫలానా ఎత్తు వెయ్యమని చెప్పకూడదు. డ్రా అడగొచ్చనో, అవతలివాళ్లు అడిగితే ఒప్పుకోవచ్చనో అనడానికి నిబంధన ఒప్పుకుంటుంది. ఆ మాటలోనూ బోర్డు మీది పరిస్థితి ఊసే రాకూడదు.

పైగా ఎనిమిదో రౌండులో పోలండ్ క్రీడాకారిణి అలీనా కష్లిన్‌స్కాయా చేతిలో హారిక ఓడింది. జట్టు కూడా ఆ మ్యాచ్ ఓడింది. టోర్నీ మొత్తంలో మన అమ్మాయిలు పోగొట్టుకున్న మ్యాచ్ అదొక్కటే. ఆ దెబ్బ తిన్నాక, పతకం తేలే రోజున అదే కుర్చీలో కూర్చుని మమ్మద్‌జాదాను ఓడించింది. మిగతా బోర్డుల మీద మన దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగర్వాల్ కూడా గెలిచారు, వైశాలి డ్రా చేసుకుంది. మ్యాచ్ 3.5-0.5తో మనది. అటు కజకిస్తాన్ అమెరికాతో 2-2 దగ్గర ఆగిపోయింది. 19 పాయింట్లతో భారత మహిళలకు ఒలింపియాడ్‌లో తొలి స్వర్ణం!

దివ్యకు, వంతికకు తమ బోర్డుల్లో వ్యక్తిగత స్వర్ణాలు కూడా వచ్చాయి, న్యాయంగానే వచ్చాయి. హారికకు అలాంటిది లేదు. అందుకే ఆమె ఆటను విడిగా చెప్పుకోవాలనిపిస్తుంది. ఆమె తొలి ఒలింపియాడ్ 2004లో, స్పెయిన్‌లోని కాల్వియాలో. అప్పటికి వయసు 13. 2022లో చెన్నై దగ్గరి మామల్లపురంలో నిండు నెలలతో ఆడి, జట్టుతో కలిసి కాంస్యం అందుకుంది. పతకం అందుకున్న నెలలోనే పాప పుట్టింది.