అరకు కొండల్లో యమన్ గింజ

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలు మార్గాన్ని విహారయాత్రికుల కోసం వేయలేదు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చి జపానుకు పంపేందుకు 1960వ దశకంలో దానిని నిర్మించారు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు 58 సొరంగాలున్నాయి. ఫజ్ర్ చదువుకొని బయలుదేరితే ఉదయం రైలు అందుతుంది. మాతో వచ్చిన పిల్లలు ఒక్కొక్క సొరంగానికీ కేకలు పెడుతూ లెక్క కట్టారు. కొంతసేపటికి లెక్క తప్పి పోట్లాటకు దిగారు. వానాకాలం వెళ్ళినవారికి ఆ పచ్చదనం గురించి వేరే చెప్పనక్కరలేదు.

బొర్రా గుహలు సున్నపురాతివి. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని రాతిని మెల్లగా కరిగిస్తుంది. చుక్క జారిన చోట సున్నం మళ్ళీ గట్టిపడి పైనుండి వ్రేలాడే కొమ్మగానో, కిందినుండి లేచే స్తంభంగానో మారుతుంది. వేలెడు పెరగడానికి వందల ఏళ్ళు పడుతుంది. అలాంటి దాని మీద పేరు చెక్కే మనిషిని ఏమనాలి?

గుహ చూసి తిరిగి వచ్చేవారిలో ఈ బొర్రా పేరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని ఎందరికి తెలుసు? ఈ ప్రాంతపు భూములను గనుల కోసం బయటివారికి లీజుకివ్వడాన్ని ‘సమత’ అనే సంస్థ ప్రశ్నించింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997 జూలై 11న తీర్పు వెలువడింది. దీనికి ఆధారం 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన. జనం నోట అది ‘1/70’. కనుక మైదానం నుండి వెళ్ళే మనం అక్కడ సెంటు భూమి కూడా కొనకూడదు. ‘గిరిజనుని పేరు మీద స్థలం తీసుకోండి సాహెబ్, లాడ్జి కట్టుకోండి’ అనే దళారి ఎదురుపడితే సలాం చెప్పి తప్పుకోవడమే మేలు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ భూమి వాళ్ళ బ్రతుకుతెరువు.

ఆ బ్రతుకుతెరువులో ముఖ్యమైనది కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. శీతాకాలంలో పండ్లు ఎర్రబడతాయి. అన్నీ ఒకేసారి పండవు గనుక పండినవాటినే చేత్తో ఏరాలి. ఒకే చెట్టు దగ్గరకు మళ్ళీ మళ్ళీ రావాలి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ గింజతో మనకు పాత చుట్టరికమే ఉంది. 15వ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా దీనిని త్రాగేవారు. అరబ్బీ ‘ఖహ్వా’ తుర్కీ మీదుగా ఐరోపా చేరి ‘కాఫీ’ అయింది. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ దీన్ని నిషేధించాడు. ఆ నిషేధం ఎంతోకాలం నిలవలేదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ హజ్ నుండి వస్తూ మోఖా రేవులో ఏడు గింజలు సంపాదించి, చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. మా ఖాలాకు ఈ సంగతి చెబితే, ఆమె చేతిలోని కప్పును రెండుసార్లు తిప్పి చూసుకున్నది!

సాయంత్రం హోటళ్ళ దగ్గర ధింసా నాట్యం చూడవచ్చు. స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని డప్పు, తుడుము వాద్యాలకు అడుగులు వేస్తారు. చూసేవారి కోసం ఆడేది వేరు, చైత్ర పండుగకు ఊళ్ళో తమ కోసం ఆడుకునేది వేరు. సంతలో ఆడవారిని అడగకుండా ఫోటోలు తీయడం మాకు నచ్చలేదు. మన ఇంటి ఆడపిల్లలనైతే తీయనిస్తామా?

ఇక భోజనం. దారి పొడవునా వెదురు బొంగులో కాల్చిన కోడి మాంసం ఊరిస్తుంది. జబీహా సంగతి అడిగి తెలుసుకోవాలి. మేము కోడిని మా చేత్తోనే జబా చేసి ఇస్తామంటే, దుకాణం తల్లి ‘అలాగే బాబూ’ అని కొత్త బొంగు కోసింది. మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టింది. నూనె చుక్క వేయలేదు. విశాఖ నుండి దూరం 110 కిలోమీటర్లకు పైనే గనుక మాకు నమాజ్‌లో కస్ర్ వర్తించింది. బొంగు చల్లారేలోగా జుహర్ రెండు రకాతులు పూర్తయ్యాయి.