కరవు సీమలో పురపాలన

పట్టణవాసికి తెల్లవారగానే మొదట తారసపడే ప్రభుత్వం పురపాలక సంఘమే. ఇంటి ముందు కుళాయి, వీధి ఊడ్చే చీపురు, మురుగు కాలువ, రాత్రి వెలిగే దీపం, పుట్టిన బిడ్డ పేరు నమోదు, చివరకు శ్మశానవాటిక నిర్వహణ, ఇవన్నీ దాని బాధ్యతలే. ఇన్ని పనులు చేసే సంస్థను ప్రజలు తలచుకొనేది మాత్రం ఏదో ఒక పని ఆగిపోయినప్పుడే.

రాయలసీమ పట్టణాలలో ఈ సంస్థలకు దీర్ఘ చరిత్ర ఉంది. కర్నూలు పురపాలక సంఘం 1866లోనూ, కడప పురపాలక సంఘం 1868లోనూ ఏర్పడ్డాయి. కర్నూలు 1994లో, కడప 2004లో నగరపాలక సంస్థలయ్యాయి. 1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించి, పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొన్నది. అయితే ఆ అంశాలలో ఎన్నింటిని నిజంగా అప్పగించాలనే నిర్ణయం రాష్ట్రాల చేతిలోనే నిలిచిపోయింది.

వర్షాభావ ప్రాంతంలో ఆ అంశాలన్నింటిలోనూ మిన్న తాగునీరు. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉన్నది. హంద్రీ నది ఆ ఊరిలోనే తుంగభద్రలో కలుస్తుంది. రెండు నదులున్నా వేసవిలో నీటికి కటకటే. నది ఎండినప్పుడు ఎగువనున్న సుంకేసుల బ్యారేజీలో నిలిచిన నీరే నగరానికి ఆధారం. అదీ అడుగంటితే హంద్రీపై నిర్మించిన గాజులదిన్నె జలాశయం వైపు చూడవలసి వస్తుంది. ఈ జలాశయానికి కర్నూలు సమీపంలోని పెద్దపాడులో జన్మించి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. సుంకేసుల నీటిపై నగరానికే కాక కర్నూలు-కడప కాలువ కింది రైతులకూ ఆశ ఉన్నది. పొలానికి ఎంత, గొంతుకు ఎంత అన్న తగవు ప్రతి వేసవిలోనూ తలెత్తేదే.

నీరు దొరికినంత మాత్రాన కుళాయికి చేరదు. దానిని తోడే మోటార్లకు విద్యుత్తు, శుద్ధి చేయడానికి పటిక, క్లోరిన్, నిలువ చేయడానికి ఎత్తైన ట్యాంకులు, పగిలిన గొట్టాల మరమ్మతు అన్నీ ఖర్చుతో కూడినవే. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనిచోట 70 లీటర్లు అందాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. నీరు ఎక్కువగా వాడితే మురుగూ పెరుగుతుంది కనుక ఈ తేడా.

ఈ ఖర్చుకు రాబడి మూడు దారులలో వస్తుంది. ఆస్తిపన్ను, నీటి రుసుము, అంగళ్ల అద్దెలు, అనుమతుల రుసుములు సొంత ఆదాయం. రిజిస్ట్రేషన్లపై సర్‌చార్జి వంటి వాటిలో వాటా రాష్ట్రం నుండి వస్తుంది. ఆర్థిక సంఘాల నిధులు మూడవది. 2021 నుండి 2026 వరకు పదిహేనవ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వెచ్చించాలని నిర్బంధించింది. జీతాలు, విద్యుత్తు బిల్లులు పోగా సొంత రాబడిలో మిగిలేది స్వల్పం. ఆస్తిపన్ను పెంచితే ప్రజలకు ఆగ్రహం, పెంచకపోతే కాలువల పూడిక తీతకు డబ్బు కరవు. కనుక ఎన్నికైన వారు సాధారణంగా ఆ ప్రస్తావననే వాయిదా వేస్తుంటారు.

ఎన్నికైన వారే లేని కాలం కూడా ఉన్నది. 2010 తరువాత పదేళ్లకు పైబడి కర్నూలు నగరం ప్రత్యేకాధికారుల పాలనలోనే నడిచింది. 2021 మార్చిలో గాని పాలకవర్గానికి ఎన్నికలు జరగలేదు. అధికారి సమర్థుడే కావచ్చు. కాని వీధి కుళాయి ఎండితే నిలదీయడానికి వార్డుకొక ప్రతినిధి ఉండడం వేరు.

నీటి కొరతకు అలవాటుపడిన ఈ నగరాన్నే 2009 అక్టోబరు 2న వరద ముంచింది. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం సైతం దాని సామర్థ్యానికి మించిన ప్రవాహాన్ని ఎదుర్కొన్నది. చుట్టూ నీరే ఉన్నా తాగడానికి చుక్క లేని స్థితి. వరద తీసిన తరువాత పేరుకుపోయిన బురదను ఎత్తి, క్లోరిన్ కలిపి, గొట్టాలు శుభ్రపరచే పని పారిశుద్ధ్య కార్మికులపై పడింది. వరదను గురించిన ముచ్చట్లలో వారి మాట తక్కువగానే వినిపిస్తుంది. కడపలోనూ నగరం నడుమ పారే బుగ్గవంక 2001లో పొంగి ఇళ్లను ముంచింది. ఆ తరువాతనే దాని గట్లకు రక్షణ గోడల నిర్మాణం మొదలయింది.

2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే మెప్మా, ఏర్పడిన తరువాత మురికివాడలలోని పొదుపు సంఘాల మహిళలకు పురపాలక కార్యాలయంతో సంబంధం పెరిగింది. రుణాల కోసం వెళ్లిన వారు క్రమంగా కాలువ గురించీ, కుళాయి గురించీ అడగడం నేర్చుకొన్నారు. వేసవిలో ట్యాంకరు ఏ వీధికి ఎన్నిసార్లు వచ్చిందో పుస్తకంలో ఉన్న లెక్కకూ, బిందెలు పట్టిన వారి లెక్కకూ తేడా వస్తే ముందుగా కనిపెట్టేది వారే.