మిగలని రీళ్లు

కంబదూరు చుట్టుపక్కల డేరా టాకీసుల్లో ప్రొజెక్టర్ ఆడించినవాణ్ణి. సినిమా నాకు ముందు రీలు, ఆ తర్వాతే కథ. అందుకే జర్మనీ దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నో గురించి ఎవరు మాట్లాడినా నాకు రీలు మిగలని మన తెలుగు దర్శకుడు రఘుపతి ప్రకాష్ గుర్తొస్తాడు.

1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిన బందరు మనిషి రఘుపతి వెంకయ్యగారి కొడుకు ప్రకాష్. తండ్రి అతన్ని సినిమా పని నేర్చుకు రమ్మని లండన్ పంపాడు. అక్కడ బార్కర్ కంపెనీలో నేర్చుకున్నాడనీ, జర్మనీలో మూర్నో షూటింగ్ కళ్లారా చూశాడనీ సినిమా చరిత్రకారులు రాశారు. తిరిగొచ్చి 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీ తీశాడు. భీష్ముడి వేషమూ తనదే. దర్శకులు సి. పుల్లయ్య, వై. వి. రావు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

మూర్నో ఏపాటివాడో తెలియాలంటే 1924లో తీసిన ‘ది లాస్ట్ లాఫ్’ చూడాలి. పెద్ద హోటల్ గుమ్మంలో దర్జాగా నిలబడే ముసలాయన. వయసైపోయిందని అతని గుండీల కోటు విప్పించి, మరుగుదొడ్ల దగ్గర పనికి పెడతారు. కథ అంతే. మూకీల్లో మధ్యమధ్య అక్షరాల కార్డులు వేసేవాళ్లు. ఇందులో అవి దాదాపు లేవు. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను ఒంటికి కట్టుకుని తిరిగాడు. ముసలాయన తాగితే గది మన కళ్లముందే తూలుతుంది. మాది కర్ణాటక సరిహద్దు పక్క. మా డేరాలో తెలుగువాళ్లు, కన్నడంవాళ్లు, అక్షరం రానివాళ్లు ఒకే ఇసుకలో కూర్చునేవాళ్లు. వాళ్లలో ఏ ఒక్కరికీ ఈ సినిమా విడమరిచి చెప్పక్కర్లేదు.

మూర్నో తీసిన 1922 నాటి ‘నోస్‌ఫెరాటు’ది ఇంకో కథ. తన భర్త రాసిన ‘డ్రాకులా’ నవలను అనుమతి లేకుండా వాడుకున్నారని బ్రామ్ స్టోకర్ భార్య దావా వేసింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే కొన్ని ప్రింట్లు దేశం దాటిపోయాయి కాబట్టి సినిమా బతికింది.

‘భీష్మప్రతిజ్ఞ’ను కాల్చమని ఎవరూ తీర్పివ్వలేదు. అయినా అది లేదు. నా బాధంతా అదే. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేట్‌ది. ఎండకు జిగురై, పొడై పోతుంది, అంటుకుంటే ఆర్పలేం. మన దేశంలో 1931లో టాకీలొచ్చాక మూకీ రీలుకు విలువ పోయింది. అందులోని వెండి కోసం రీళ్లు కరిగించినవాళ్లూ ఉన్నారు. ప్రకాష్ టాకీలూ తీశాడు. 1940 నాటి ‘చండిక’లో నటి కన్నాంబతో పాటు, మన తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ నటించాడు.

మూతపడిన టాకీసుల్లో, పాత గోదాముల్లో తుప్పు పట్టిన రీలు డబ్బాలు కనిపిస్తే తూకానికి అమ్మకండి. పుణెలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్లకు చెప్పండి. డబ్బాను నీడలో ఉంచండి. మూత తీసినా, తీయకపోయినా బీడీ, దీపం దగ్గరకు రానీయకండి.