పాట ఎత్తుకునే పిలుపు

ఆరాధనలో హార్మోనియం ముందు కూర్చునే మనిషికి ఆ చోటు ఎవరిచ్చారు? వాయించడం వచ్చు కాబట్టి కూర్చున్నాడా, పాస్టరుగారు అడిగారు కాబట్టా, దేవుడు పిలిచాడు కాబట్టా? పాటల పరిచర్యకు రమ్మన్నప్పుడు చాలామంది యువతీయువకులు తటపటాయించేది ఇక్కడే. స్వరం వినబడాలనో, కల రావాలనో ఎదురుచూస్తూ ఉండిపోతారు.

బైబిల్లో సంగీతకారుల పిలుపు అంత గుట్టుగా ఏమీ జరగలేదు. సౌలు రాజుకు సితారా వాయించేవాడు కావలసివచ్చినప్పుడు, ఫలానా యెష్షయి కొడుకు బాగా వాయిస్తాడని చెప్పింది ఒక పనివాడు. దావీదుకు ఆ కబురు మనుషుల ద్వారానే అందింది. మందసాన్ని యెరూషలేముకు తెచ్చినప్పుడు పాటలకు కెనన్యాను పెద్దగా పెట్టారు. దానికి మొదటి దినవృత్తాంతాలు చెప్పే కారణం ఒక్కటే, అతను అందులో ప్రవీణుడు. అదే గ్రంథం 25వ అధ్యాయంలో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి 288 మందిని తీసుకుని 24 వంతులుగా విడదీశారు. ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి తేల్చారు. గురువుకూ శిష్యుడికీ, చిన్నకూ పెద్దకూ ఒకే చీటీ.

జర్మన్ సంగీతకర్త బాఖ్ దగ్గర కాలోవ్ వ్యాఖ్యానంతో ఉన్న బైబిలు ఉండేది. సరిగ్గా ఈ 25వ అధ్యాయం పక్కనే, దేవునికి ఇష్టమైన చర్చి సంగీతానికంతటికీ పునాది ఇదేనన్న అర్థంలో తన చేత్తో రాసుకున్నాడు. లైప్‌జిగ్‌లో 1723 నుంచి చనిపోయే దాకా, అంటే 1750 దాకా, వారం వారం చర్చి పాటల పనిలో మునిగిన మనిషి తన ఉద్యోగానికి ఆధారం ఈ పేర్ల పట్టికలో చూసుకున్నాడంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. కతోలికుల్లోనూ 1963 నాటి వాటికన్ మహాసభ ఆరాధన పత్రం గాయక బృందం చేసేది నిజమైన ఆరాధన సేవేనని తేల్చి చెప్పింది.

అంటే పిలుపుకు రెండు కొసలున్నాయి. ఒకటి మన లోపలి ఆశ. రెండోది సంఘం గుర్తించి, అప్పగించి, ఆ తర్వాత కూడా గమనిస్తూ ఉండటం. మొదటిది మాత్రమే ఉంటే అది ఇంకా కోరికే. నా దృష్టిలో రెండో కొసకే బరువెక్కువ. ఎందుకంటే ఆరాధనలో పాడవలసింది సంఘం, ఆ పాటకు దారి చూపడమే సంగీతకారుడి పని.

ఇది శ్రుతి దగ్గరే తెలిసిపోతుంది. రెండు శ్రుతిలో గొంతు హాయిగా పలికే ఒక యువకుడు కీర్తన ఎత్తుకున్నాడనుకుందాం. పల్లవి బాగానే సాగుతుంది. చరణంలో పాట పై షడ్జం దాటి గాంధారం తాకుతుంది. అక్కడ వెనక బల్లల మీది మగవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోతారు, ముసలివాళ్లు పెదవులు మాత్రం కదుపుతారు. ముందున్న అతనికి మైకులో తన గొంతే వినబడుతుంది కాబట్టి ఏదీ తెలియదు. అదే పాటను ఒకటి శ్రుతికి దించితే అతని గొంతులో మెరుపు కొంచెం తగ్గుతుంది, కానీ మందిరమంతా పాడుతుంది. ఇప్పటి కీబోర్డులో ఇది ఒక మీట నొక్కినంత పని. నొక్కాలని తోచడానికి మాత్రం చెవి జనం వైపు ఉండాలి. తబలా, డోలక్ వాయించేవారికీ ఇదే కొలత. నడక పెంచితే పాట రక్తి కట్టినట్టే ఉంటుంది, చరణం చదువుకుంటూ పాడేవాళ్లకు మాత్రం మాట అందదు.

రాయ్‌పూర్‌లో ఈ పనికి ఇంకో బాధ్యత తోడవుతుంది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపిన రైలు మార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకూ ఇతర పనులకూ వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలున్నాయి. వాటిలోని క్రైస్తవులకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుట్టింటి సొత్తు. ఆ కీర్తనల్లో చాలా వాటిని రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి సీమవాడు, అంటే వాళ్ల ఊళ్ల పక్కవాడే. మరోవైపు ఛత్తీస్‌గఢ్ హిందీ సంఘాలకు సొంత చరిత్ర ఉంది. ఆస్కర్ లోర్ 1868లో విశ్రాంపూర్‌లో మిషన్ మొదలుపెట్టాడు. డోలక్, మంజీరాలతో సాగే మసీహీ భజన ఈ నేల పాట.

ఇక్కడ పెరిగిన పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లిషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు, అర్థం చేసుకుంటారు, కీర్తనల పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరం కూడదీసుకోలేరు. దేవనాగరిలో రాసుకుని పాడినా దోషం లేదు. అయితే హిందీలో హ్రస్వ ఎ, ఒ లు లేవు, అందుకే ఆ రాతలో ‘ఎ’, ‘ఏ’ల తేడా చెరిగిపోతుంది. కీర్తన తాళం ఆ హ్రస్వదీర్ఘాల మీదే నిలబడుతుంది. కాబట్టి ఇక్కడి సంగీతకారుడు పిల్లలకు మాటను నోటితో చెప్పి పలికించాలి. కీర్తన తల మీద అచ్చేసిన రాగం, తాళం పేర్లు చూపించి అవేమిటో పాడి వినిపించాలి. దానితోపాటు పొరుగు హిందీ సంఘంవారు వచ్చిన రోజున ఒక భజన కూడా ఎత్తుకోగలగాలి. ఇది సొంత గొంతు చూపించుకోవడం కన్నా కష్టమైన చాకిరీ. పిలుపు ఉందో లేదో ఈ చాకిరీలో తేలినంత త్వరగా మరెక్కడా తేలదు.

డబ్బు మాట మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. సేవ కదా అని ఊరకే చేయించుకునే అలవాటు మన సంఘాల్లో ఉంది. నెహెమ్యా 13వ అధ్యాయంలో లేవీయులకూ గాయకులకూ రావలసిన భాగం అందకపోతే వాళ్లు ఆలయం వదిలి ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్లను తప్పుపట్టలేదు, అధికారులను నిలదీశాడు. జీతం ఇవ్వలేని చిన్న సంఘమైనా తబలా మూత మార్పించే ఖర్చు, సాధనకు వచ్చిపోయే ఆటో కిరాయి భరించగలదు.

డ్యూటీల గొడవా ఉంది. రైల్వేలోనో ఫ్యాక్టరీలోనో షిఫ్టుల్లో పనిచేసేవాడు ప్రతి ఆదివారం రాలేడు. రాలేదని భక్తి తక్కువనడం అన్యాయం. దేవాలయంలోనే 24 వంతులు పెట్టారు కదా, మనం కనీసం ఇద్దరిని తయారుచేసుకోవచ్చు. ఒక్కరి మీదే పాటంతా ఆధారపడితే ఆ ఒక్కరూ అలిసిపోతారు, లేదా గద్దె దిగనంటారు. రెండూ సంఘానికి నష్టమే.

ఎలా మొదలుపెట్టాలని అడిగేవారికి నేను చెప్పేది ఇది. ముందు పాస్టరుగారితోనో సంఘ పెద్దలతోనో మనసులో మాట చెప్పండి. కొన్ని నెలలు ఇప్పుడున్న హార్మోనియం మాస్టారి పక్కన కూర్చుని తాళాలు వేయండి. పది కీర్తనలు పుస్తకం చూడకుండా వచ్చేదాకా మైకు అడగకండి. మీరు ఎత్తుకున్నప్పుడు జనం పాడుతున్నారా లేదా అన్నది మీకంటే వెనక బల్ల మీది అమ్మమ్మలకు బాగా తెలుస్తుంది, వాళ్లను అడగండి.

వయసు పైబడ్డాక ఏం చేయాలో కూడా గ్రంథంలోనే ఉంది. సంఖ్యాకాండం 8వ అధ్యాయం ప్రకారం లేవీయులు 25వ ఏట పనిలో చేరి, 50 నిండాక ఆ బరువు దించుకుంటారు, కానీ తమ సహోదరులకు తోడుగా ఉంటారు. వేళ్లు వణకడం మొదలైన మాస్టారిని ఇంటికి పంపేయకుండా శనివారం సాధనలో పిల్లల పక్కన కూర్చోబెట్టండి. హ్రస్వమెక్కడో దీర్ఘమెక్కడో ఆయనకే తెలుసు.