చక్రముల కుర్చీయు, సొంత యిల్లును

మా అత్తగారికి పక్షవాతము వచ్చి కాళ్లు స్వాధీనము తప్పినపుడు మేము హైదరాబాదులో నొక అద్దె యింట, రెండవ అంతస్తున నుండెడివారము. వైద్యుని కడకు పోవలసివచ్చినప్పుడెల్ల నామెను కుర్చీతోఁగూడ ఇద్దఱు మోసి దింపవలసి యుండెను. "నన్ను మూటవలె మోయించుటకంటె ఇంటఁ బడియుండనిండమ్మా" యని యామె బయలుదేఱుటయే మానుకొనెను. అంతట మావారును నేనును ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఇల్లు వెదక నారంభించితిమి.

దళారులందఱి మాటయు నొక్కటే: "లిఫ్టున్నదమ్మా, మీకేమి దిగులు?" లిఫ్టున్నంత మాత్రమునఁ జాలదని నాలుగిండ్లు చూచినఁగాని తెలియలేదు. ఇచ్చటి మేడలలోఁ బెక్కింట నేలమట్టము బండ్లు నిలుపుటకే పోవును. క్రింది వాటా దొరకుట యరుదు. ఒకచోట బండ్ల తావునుండి లిఫ్టునకు మూడు మెట్లుండెను. మఱియొకచోట మెట్లు లేవు గాని, కుర్చీ లోనికిఁ బోయినపిదప లిఫ్టు తలుపు మూసికొనలేదు! నాఁటినుండి కొలత టేపు నా చేతిసంచిని విడువలేదు.

సోదరీమణులారా, కుర్చీ వెడల్పు సాధారణముగా 25 మొదలు 27 అంగుళములుండును. ప్రభుత్వపు మార్గదర్శక సూత్రములు ద్వారమునకు 900 మిల్లీమీటర్లు, అనఁగా సుమారు మూడడుగులు, కుర్చీ త్రిప్పుటకు 1500 మిల్లీమీటర్లు, అనఁగా ఐదడుగుల తావు కోరుచున్నవి. మన స్నానపుగదుల తలుపులో, తఱచుగా రెండున్నర అడుగులే. అందులోఁ జట్రము పోఁగా మిగులున దెంత? మెట్ల బదులు వాలుదారి వేయింపవలెనన్న అడుగెత్తునకుఁ బండ్రెండడుగుల పొడవు కావలెను. అడుగున్నర యెత్తైనచో 18 అడుగులు. అంత చోటున్నదా, మేడవారి సంఘ మందులకు సమ్మతించునా యనునది బయానా యిచ్చుటకు ముందే వ్రాతమూలకముగాఁ దెలిసికొనవలెను.

కట్టుచున్న యింటిని కొన్నచో గోడలు లేవకముందే ద్వారములు వెడల్పు చేయించుకొనవచ్చును. కాని దానిపై ధరనుబట్టి నూటికి 1 గాని 5 గాని జీఎస్టీ పడును. పాత యింటికది లేదు. ఒప్పందము రిజిస్టరు కాకుండ కట్టుబడిదారు పదియవ వంతుకంటె నెక్కుడు పుచ్చుకొనరాదని 2016వ సంవత్సరపు రేరా చట్టము చెప్పుచున్నది. ఆ యేఁటిదే దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ గృహ పథకములలో నూటికి ఐదు వంతులు వారికి కేటాయించి, అందును స్త్రీలకుఁ బ్రాధాన్య మిచ్చినది. ఇది నాకు ఆలస్యముగాఁ దెలిసినది, మీకట్లు కావలదు.

మేము పదునైదేండ్లనాఁటి పాతయిల్లే కొంటిమి. మూడు గదుల యాశ వదలి రెంటితోఁ దృప్తిపడితిమి. నా గాజులు రెండు జతలు అమ్మితిని. దానికి విచారము లేదనిన అబద్ధమగును. ఇంజనీరును బిలిచి, బరువు మోయునవి స్తంభములే కాని గోడ కాదని నిర్ధారించుకొన్న తరువాతనే స్నానపుగది ద్వారము పగులఁగొట్టించితిమి. గడప తీసివేసి, గోడకు ఉక్కు పట్టుకమ్ములు బిగించితిమి.

చేరిన మూఁడవనాఁటి ప్రొద్దున అత్తగారు ఇంటఁ గానరాలేదు. గాభరాపడి క్రిందికిఁ బోయితిని. ఆమె వాకిట కూరలబండి దగ్గఱ గోంగూర బేరమాడుచుండెను. ఒడిలో నప్పటికే నాలుగు కట్టలున్నవి.