ఒకచోట దిద్దితే అన్నిచోట్లా సరి: గిట్‌లోని ఉమ్మడి షెల్ ఫంక్షన్ల కథ

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం మన తెలుగు రాష్ట్రాల సరిహద్దును ఆనుకునే ఉంటుంది. అక్కడ వినిపించే గోండి మనకు మరీ పరాయి భాషేమీ కాదు. ద్రావిడ భాషల్లో తెలుగు, గోండి ఒకే శాఖకు చెందినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. అయితే వారందరికీ ఒకే రాత లేదు. బస్తర్‌లో దేవనాగరి వాడితే, ఆదిలాబాద్ వైపు తెలుగు లిపి వాడతారు. సొంత లిపులూ ఉన్నాయి. మసరాం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించుకున్నాయి. ప్రాంతం మారితే మాటలూ మారతాయి.

బస్తర్ ప్రజలు మామూలు ఫోన్ నుంచే తమ భాషలో కబురు చెప్పుకొనేందుకు సీజీనెట్ స్వర అనే వేదిక 2010లో మొదలైంది. ఆ తర్వాత వేర్వేరు రాష్ట్రాల గోండులు ఒకచోట కూర్చుని ఉమ్మడి పదకోశం కోసం కసరత్తు చేశారు. గోండి కోసం చేపట్టిన సాంకేతిక ప్రయత్నాలపై 2020లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. అప్పటికి సేకరించిన అనువాద పదాలు, వాక్యాలు 12 వేలకు కాస్త తక్కువని అది చెప్పింది. ఇంగ్లిష్‌తో పోలిస్తే ఇది పిడికెడు గింజలతో సమానం. పైగా అందులోని ప్రతి పదం వెనుకా ఒక మనిషి శ్రమ ఉంది.

ఇలాంటి పదకోశాన్ని దంతెవాడలో ఒకరు, నారాయణ్‌పూర్‌లో ఒకరు, ఆదిలాబాద్‌లో మరొకరు కంప్యూటర్లలో దిద్దుతున్నారని ఊహించుకుందాం. ఎవరు ఏ పదాన్ని, ఎప్పుడు, ఎందుకు మార్చారో గుర్తుండాలి. ఒకరి దిద్దుబాటు మరొకరి దిద్దుబాటును చెరిపేయకూడదు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ పని చేసే పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. అందులో ఇప్పుడు ఎక్కువగా వాడే సాధనం గిట్.

గొట్టాలు, పింగాణీ

లైనక్స్ కెర్నల్ రాసేవాళ్లు వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే సాధనానికి 2005లో ఉచిత అనుమతి రద్దయింది. దాంతో అదే ఏడాది ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను మొదలుపెట్టారు. కొన్ని నెలలకే నిర్వహణ బాధ్యత జూనియో హమానో చేతికి వచ్చింది.

గిట్ రచయితలు తమ ఆదేశాలను రెండు రకాలుగా విడదీశారు. గోడలో దాగిన గొట్టాల్లా లోపలి పనులు చేసేవి ‘ప్లంబింగ్’. వాష్‌బేసిన్‌లా మన చేతికి అందేవి ‘పోర్స్‌లేన్’, అంటే పింగాణీ. గొట్టాలను సీ భాషలో రాశారు. పింగాణీ ఆదేశాల్లో చాలా భాగం తొలినాళ్లలో షెల్ స్క్రిప్టులే. కంప్యూటర్‌కు మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపించేది షెల్. ఆ ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో రాసి పెడితే అది షెల్ స్క్రిప్టు.

స్క్రిప్టులు పెరిగేకొద్దీ ఒక చిక్కు వచ్చింది. ప్రతి స్క్రిప్టూ మొదట కొన్ని పనులు తప్పనిసరిగా చేయాలి. మనం నిలబడ్డ ఫోల్డరు గిట్ భాండాగారమేనా? దాని మూలం ఎక్కడుంది? ఏదైనా తేడా వస్తే ఎలా ఆగాలి? వీటిని ప్రతిచోటా మళ్లీ మళ్లీ రాస్తే, ఒక తప్పును పది చోట్ల దిద్దాల్సి వస్తుంది. తొమ్మిది చోట్ల దిద్ది పదోది మరిచిపోతే ఆ తప్పు అక్కడే దాక్కుంటుంది.

అందుకే 2005 జూలైలో ఒక చిన్న ఉమ్మడి ఫైలు పుట్టింది. ఇప్పుడు దాని పేరు ‘గిట్-ఎస్‌హెచ్-సెటప్’. మొదట్లో అందులో చెప్పుకోదగ్గ ఫంక్షన్ ఒక్కటే, దాని పేరు ‘డై’. సమస్య ఏమిటో చెప్పి స్క్రిప్టును ఆపేయడమే దాని పని. మామూలు వాడుకరి ఈ ఫైలును నేరుగా పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఇది స్క్రిప్టులు రాసేవాళ్ల కోసం ఉన్నది.

ఒక చుక్క చేసే పని

ఒక స్క్రిప్టు మరో ప్రోగ్రామును పిలిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని వేరే ప్రాసెస్‌గా నడుపుతుంది. ఆ పిల్ల ప్రాసెస్ తన లోపల ఏం మార్చుకున్నా తల్లి ప్రాసెస్‌కు అంటదు. అది ఆగిపోయినా తల్లి ఆగదు. అలాంటప్పుడు ఉమ్మడి ఫైలులోని ‘డై’ మన స్క్రిప్టును ఎలా ఆపగలుగుతోంది?

షెల్‌లో ఫైలు పేరుకు ముందు ఒక చుక్క, ఒక ఖాళీ పెడితే అర్థం మారిపోతుంది. ‘దీన్ని విడిగా నడపకు, ఇక్కడే చదువు’ అని చెప్పినట్టు. అప్పుడు ఆ ఫైలులోని ఫంక్షన్లన్నీ మన స్క్రిప్టు సొంత ఫంక్షన్లయిపోతాయి. ఇప్పుడు ‘డై’ని పిలిస్తే ఆగేది మన స్క్రిప్టే. ‘సీడీ-టు-టాప్‌లెవెల్’ను పిలిస్తే భాండాగారం పై మెట్టుకు చేరేదీ మన స్క్రిప్టే.

నలభై పదాలు మిగిలాయి

ఇక్కడ పదిలంగా ఉండాల్సింది మనుషుల పని. దంతెవాడ కార్యకర్త పొద్దుటి నుంచి నలభై పదాలు దిద్దారనుకుందాం. ఫైలు సేవ్ అయింది కానీ గిట్‌లో ఇంకా నమోదు కాలేదు. ఆ సంగతి మరిచిపోయి ‘రీబేస్’ ఆదేశం ఇచ్చారు. మన మార్పులను విప్పి, ఇతరుల తాజా మార్పుల మీద మళ్లీ వరుసగా పేర్చే ఆదేశం ఇది. అలా పేర్చేటప్పుడు ఫైళ్లు మారిపోతాయి. నమోదు కాని నలభై పదాల గతేమిటి?

ఈ కాపలా కోసమే ‘రిక్వైర్-క్లీన్-వర్క్-ట్రీ’ అనే ఫంక్షన్ ఉంది. అది రెండు పోలికలు చేస్తుంది. మొదట ఫోల్డరులోని ఫైళ్లను, నమోదుకు సిద్ధం చేసిన జాబితాతో పోలుస్తుంది. తర్వాత ఆ జాబితాను చివరి నమోదుతో పోలుస్తుంది. ఎక్కడ తేడా కనిపించినా పని మొదలుపెట్టదు. మార్పులను నమోదు చేయమని, లేదా పక్కన దాచుకోమని చెప్పి ఆగిపోతుంది. ఈ తనిఖీ ఒకచోట రాసి ఉంది కాబట్టి, దాన్ని పిలిచిన ప్రతి స్క్రిప్టుకూ అదే కాపలా దొరుకుతుంది.

అదే పేరు, వేరే అర్థం అనే ఇబ్బందినీ ఈ ఫైలే మోస్తుంది. యూనిక్స్‌లో ‘ఫైండ్’ అంటే ఫైళ్లను వెతికే ఆదేశం. విండోస్ సొంత ‘ఫైండ్’ మాత్రం ఫైలు లోపలి అక్షరాలను వెతుకుతుంది. పక్క జిల్లాకు వెళ్తే తెలిసిన మాటే మరో అర్థంలో వినిపించినట్టు ఉంటుంది. విండోస్‌లో నడుస్తున్నప్పుడు గిట్-ఎస్‌హెచ్-సెటప్ ఆ సంగతి గమనించి, ‘ఫైండ్’, ‘సార్ట్’ అన్న పేర్లను యూనిక్స్ తరహా ప్రోగ్రాములకు మళ్లిస్తుంది. స్క్రిప్టు రాసినవారు ఈ తేడాను తలచుకోనక్కర్లేదు.

ఉమ్మడి వాక్యం కుదరని చోట

అన్నీ ఇలా ఒకచోట చేర్చేయవచ్చా? భాష దగ్గరికి వచ్చేసరికి గిట్‌కు అసలు పరీక్ష ఎదురైంది. 2012 జనవరిలో వచ్చిన 1.7.9 వెర్షన్‌తో గిట్ సందేశాలను ఇతర భాషల్లోకి మార్చే ఏర్పాటు వాడుకరులకు అందింది. షెల్ స్క్రిప్టుల కోసం ‘గిట్-ఎస్‌హెచ్-ఐ18ఎన్’ అనే మరో ఉమ్మడి ఫైలు ఉంది.

ఇంగ్లిష్‌లో ‘కెనాట్’ అని రాసి, దాని వెనుక ఆదేశం పేరు అతికిస్తే వాక్యం తయారవుతుంది. తెలుగులో అలా కుదరదు. ‘రీబేస్ చేయలేం’ అనాలి. చేయలేకపోవడం చివరికి వస్తుంది. క్రియ చివర వచ్చే గోండిదీ ఇదే తీరు. ముక్కలు అతికించే పద్ధతిలో అనువాదకుల చేతులు కట్టేసినట్టే. అందుకే ‘ఇవాల్-గెట్‌టెక్స్ట్’ అనే ఫంక్షన్ ఖాళీ గడితో సహా వాక్యాన్ని మొత్తంగా అనువాదకుడికి ఇస్తుంది. ఆ గడిని వాక్యంలో ఎక్కడికైనా జరుపుకోవచ్చు. విలువను చివర్లో నింపుతుంది. అలా నింపేందుకు ఒక చిన్న ప్రత్యేక ప్రోగ్రామును వాడతారు. అది విలువలను మాత్రమే మారుస్తుంది, అనువాదంలో పొరపాటున ఆదేశంలాంటిది దొర్లినా దాన్ని నడపదు.

ఇదీ చాల్లేదు. గడిలోకి వచ్చే మాటను బట్టి వాక్యం రూపమే మారే భాషలున్నాయి. అందుకని ‘రిక్వైర్-క్లీన్-వర్క్-ట్రీ’లో రీబేస్ కోసం గడి లేని పూర్తి వాక్యాన్ని విడిగా రాశారు. మిగతా ఆదేశాలకు గడి ఉన్న వాక్యం అలాగే ఉంది. తనిఖీ అందరికీ ఒక్కటే, మాట మాత్రం ఎవరిది వారిది.

ఉమ్మడి ఫైలుకు వయసొస్తే

ఉమ్మడి అనగానే అంతా లాభమే కాదు. ఇలాంటి ఫైలులో ఒక్క తప్పు పడితే దాని మీద ఆధారపడ్డ స్క్రిప్టులన్నీ దెబ్బతింటాయి. అందుకే గిట్‌కు పెద్ద పరీక్షల సంపుటి ఉంది. ఆ పరీక్షలు కూడా షెల్ స్క్రిప్టులే, వాటికీ ఓ ఉమ్మడి ఫైలుంది.

ఇక వేగం మరో సమస్య. షెల్ స్క్రిప్టు చిన్న పనికీ కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. విండోస్‌లో అది ఖరీదైన వ్యవహారం. అందువల్ల పెద్ద స్క్రిప్టులను ఒక్కొక్కటిగా సీ భాషలోకి మారుస్తూ వచ్చారు. 2018 డిసెంబరులో వచ్చిన 2.20 వెర్షన్‌లో రీబేస్, 2019 జూన్ నాటి 2.22లో స్టాష్ అలా మారాయి. అయినా గిట్-ఎస్‌హెచ్-సెటప్ మిగిలే ఉంది. గిట్‌లో ఇంకా షెల్‌లోనే ఉన్న ఆదేశాలు దాన్ని వాడుకుంటున్నాయి. సొంత అవసరాలకు స్క్రిప్టులు రాసుకునేవారికీ ఆ దారి తెరిచే ఉంది.

బస్తర్ పదకోశానికి ఈ అనుభవం నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. అర్థం, దాని సంఖ్య, తనిఖీలు ఉమ్మడిగా ఒకచోట ఉండాలి. దంతెవాడ మాట, ఆదిలాబాద్ మాట మాత్రం దాని పక్కనే విడివిడి గళ్లలో ఉండాలి. ఒక దాని కోసం మరొకటి చెరగకూడదు. ‘ఇప్పుడు రీబేస్ చేయలేం’ అని గిట్ మొండికేసినప్పుడు విసుగు రావడం సహజమే. కానీ ఆ నిమిషాన పొద్దుటి నలభై పదాలు ఫైలులో పదిలంగానే ఉంటాయి.